సెంటర్ కట్టడం ఒక పని, కదపడం ఇంకో పని: గ్రూన్‌ఫెల్డ్ మీద ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టానంటే

చదరంగంలో డి4తో (మంత్రి ముందు బంటుని రెండు గడులు తోసి) ఆట మొదలుపెట్టే అలవాటున్నవాళ్లకి, నలుపు ఆడే గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడక తప్పదు. మధ్య గడులు మనకే వదిలేస్తారు. మనం సంబరంగా బంట్లు తెచ్చి నిలబెట్టుకున్నాక, వాటినే గురిపెట్టి కొట్టడం మొదలుపెడతారు. తప్పించుకునే దారులు లేకపోలేదు. మూడో ఎత్తులోనే ఎఫ్3 వేయొచ్చు, లేదా బిషప్‌ని జి2లో పెట్టుకుని నెమ్మదిగా ఆడొచ్చు. నాకు మాత్రం అసలు గొడవ ఎక్కడుందో అక్కడికే వెళ్లాలనిపించింది. అందుకే ఎక్స్ఛేంజ్ వేరియేషన్ అనే శాఖ పట్టుకున్నాను (పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు, × అంటే కొట్టడం, అంకె పక్కన మూడు చుక్కలుంటే అది నలుపు ఎత్తు):

1. డి4 గుర్రం ఎఫ్6 2. సి4 జి6 3. గుర్రం సి3 డి5 4. సి×డి5 గుర్రం×డి5 5. ఈ4 గుర్రం×సి3 6. బి×సి3 బిషప్ జి7

ఇక్కడికి తెలుపు బంట్లు సి3, డి4, ఈ4 గడుల్లో ఉన్నాయి. నలుపు బంటు ఒక్కటి కూడా ఆరో వరుస దాటి కిందికి దిగలేదు. చూడగానే తెలుపుదే పైచేయి అనిపిస్తుంది. కానీ 1922లో వియన్నాలో ఇదే ఓపెనింగ్‌లో తెలుపు వైపు కూర్చున్నది, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన అలెఖిన్. గెలిచింది మాత్రం నలుపు ఆడిన ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్. ఆ ఓపెనింగ్‌కి ఆయన పేరే ఉండిపోయింది.

నాతో ప్రాక్టీసు ఆడే స్నేహితుడొకడు డి4కి గ్రూన్‌ఫెల్డ్ తప్ప ఇంకోటి ఆడడు. వాడి మాట ఇది: "నువ్వు ఆ రెండు బంట్లనీ కాపాడుకుంటూ కూర్చో. మిగతాది నేను చూసుకుంటా." వినడానికి వెటకారంగానే ఉంది కానీ, ప్రాజెక్టు మొత్తానికి పనికొచ్చే ప్రశ్న అందులోనే ఉంది. కాపాడటం ఎప్పుడు ఆపాలి? ఏ బంటుని, ఏ ఎత్తులో తోయాలి?

కాబట్టి ఈ డైరీలో వేరియేషన్ల జాబితా ఉండదు. అది ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) దగ్గర ఉంది. డి, ఈ బంట్లలో ఏది ముందు కదిలింది, ఆ క్షణానికి నలుపు పావులు ఎక్కడున్నాయి అన్నదే రాసుకుంటున్నాను.

డి4 మీద లెక్క

మొదటి పని బోర్డు ముందు కూర్చుని లెక్కపెట్టడం. పాత పద్ధతిలో ఆట ఇలా సాగుతుంది: 7. బిషప్ సి4 సి5 8. గుర్రం ఈ2 గుర్రం సి6 9. బిషప్ ఈ3, తర్వాత ఇద్దరూ క్యాజ్లింగ్ (రాజుని ఏనుగు చాటుకి తరలించడం) చేస్తారు.

డి4 బంటుని కొట్టగలిగేవి నాలుగు: సి5 బంటు, సి6 గుర్రం, జి7 బిషప్, డి8 మంత్రి. కాపలా కాసేవీ నాలుగే: సి3 బంటు, ఈ2 గుర్రం, ఈ3 బిషప్, డి1 మంత్రి. లెక్క సరిగ్గా సరిపోయింది, ఒక్కటి కూడా మిగల్లేదు. అంటే తెలుపువి నాలుగూ ఒక్క గడికి కట్టేసి ఉన్నాయన్నమాట. అందులో దేన్ని కదిపినా డి4 పోతుంది.

ఇప్పుడు నలుపు 10... బిషప్ జి4 వేస్తే ఈ2 గుర్రం మంత్రి ముందు పిన్ అయిపోతుంది (అది కదిలితే వెనకున్న మంత్రి పోతుంది). కాపలా నాలుగు నుంచి మూడుకి పడిపోయినట్టే. అందుకే 11. ఎఫ్3 వేసి బిషప్‌ని తరమాలి. ఈ చిన్న ఎత్తుకీ ఖరీదుంది. ఈ3 బిషప్ కింద బంటు ఆసరా పోతుంది, జి1 రాజు వైపు నల్లగడుల ఐమూల కొంచెం తెరుచుకుంటుంది.

గుర్రాన్ని ఈ2లో ఎందుకు పెడతారో చాలామంది పుస్తకం చూసి బట్టీ పట్టేస్తారు. బోర్డు మీద రెండూ పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. గుర్రం ఎఫ్3లో ఉంటే, నలుపు బిషప్ జి4కి వచ్చి దాన్నే కొట్టేస్తుంది. డి4 కాపలాదారు ఒకరు శాశ్వతంగా మాయం. ఈ2లో ఉంటే ఎఫ్3 బంటుతో బిషప్‌ని అడ్డుకోవచ్చు. చాలాకాలం తెలుపు వాళ్లందరూ గుర్రాన్ని ఈ2కే పంపింది ఇందుకే. తర్వాత ఆ అభిప్రాయం మారింది, అది కింద వస్తుంది.

ఆటలు తిరగేస్తుంటే

ఈ వారమంతా పాత ఆటలు ఒక్కొక్కటే బోర్డు మీద ఆడి చూస్తున్నాను. ఇంజిన్ ఆపేసి, కాగితం మీద నాలుగు గడులు గీసుకున్నాను. ఏ బంటు కదిలింది, ఎన్నో ఎత్తు, జి7 బిషప్ బోర్డు మీద ఉందా, సి6 గుర్రం ఎక్కడుంది. నాలుగో గడి మొదట్లో లేదు, ఏదో అనుమానం వచ్చి కలిపాను. ఇప్పుడు అసలు సంగతంతా ఆ గడిలోనే కనబడుతోంది.

నింపుతూ పోతుంటే ఒకే జవాబు పదేపదే వచ్చింది: ఏ5.

2010లో సోఫియాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి ఆట, టొపలోవ్ తెలుపు, మన ఆనంద్ నలుపు. (ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకి విమానాలు ఆగిపోయి, ఆనంద్ రోడ్డు మీద సోఫియా చేరిన మ్యాచ్ ఇదే. ఒకరోజు ఆలస్యంగా ఏప్రిల్ 24న మొదలైంది.) పైన చెప్పిన లైన్‌లోనే ఆనంద్ 10... గుర్రం ఏ5 వేశాడు. సి4 బిషప్ మీద దాడి, అది డి3కి వెనక్కి తగ్గింది. తర్వాత బి6, ఈ5. టొపలోవ్ డి4 బంటుని వదిలేసుకున్నాడు, కాపాడే ప్రయత్నమే చేయలేదు. దాని బదులు బిషప్‌ని హెచ్6కి తెచ్చి జి7 బిషప్‌ని మార్చేసుకుని, 17. ఎఫ్4, 18. ఎఫ్5 అని తోసుకుంటూ పోయాడు.

23వ ఎత్తులో ఆనంద్ రాజు ఎఫ్7కి వచ్చాడు. వెంటనే 24. గుర్రం×ఎఫ్6! రాజు ఆ గుర్రాన్ని కొట్టాక ఏనుగు హెచ్3కి, అక్కణ్ణుంచి హెచ్6కి చెక్‌తో దిగింది. 30వ ఎత్తుకి ఆట ముగిసింది.

ఆ చివరి స్థితిని బోర్డు మీద అలాగే ఉంచేసి చాలాసేపు చూశాను. నలుపు గుర్రం ఇంకా ఏ5లోనే ఉంది. ఏ8 ఏనుగు కదల్లేదు. సి8 బిషప్ ఆట మొత్తంలో ఒక్క ఎత్తూ వేయలేదు. టొపలోవ్ ఆఖరి ఎత్తు ఆ బిషప్‌ని ఏనుగుతో కొట్టడమే. రాజు మీద దాడి జరుగుతుంటే నలుపువి మూడు పావులు అవతలి మూలన ఉండిపోయాయి. అలాంటప్పుడు మధ్యలో ఒక బంటు తక్కువైతే మాత్రం ఏం పోయింది?

ఆ మ్యాచ్‌ని ఆనంద్ 6.5–5.5తో గెలిచి టైటిల్ నిలబెట్టుకున్నాడన్నది వేరే సంగతి. అది రాయకపోతే నాకే బాగుండదు.

ఏ5 గుర్రం: ఇది దొరికాక పని వేగం పెరిగింది

గుర్రం ఏ5కి వెళ్లడం నలుపుకి తప్పేమీ కాదు, చాలాసార్లు సరైన ఎత్తే. సి4 బిషప్‌ని తరిమి ఒక టెంపో (ఒక ఎత్తు సమయం) లాభపడుతుంది, తర్వాత సి4 గడిలో తనే స్థిరపడాలని చూస్తుంది. కానీ అక్కడికి వెళ్లిన క్షణం నుంచి అది డి4, ఈ5 గడుల్ని చూడటం మానేస్తుంది. ఈ7కి వచ్చి రాజుకి సాయపడే అవకాశం కూడా పోతుంది. డి4 మీద నాలుగు దాడులుండేవి కదా, ఇప్పుడు మూడే. ఆ మేరకు తెలుపు చేతులు ఖాళీ అవుతాయి.

కాబట్టి కాగితం మీద ఒక పనికొచ్చే సూత్రం రాసుకున్నాను: గుర్రం ఏ5లో ఉన్నప్పుడు సెంటర్ కదపడానికి చూడు, అది సి4 చేరేలోపే. చేరిపోయిందంటే మళ్లీ లెక్కపెట్టు.

ఈ సూత్రాన్ని వెక్కిరించే ఆట కూడా ఒకటి దొరికింది, దాన్నీ పక్కనే పెట్టాలి. 1970 సీగన్ ఒలింపియాడ్‌లో స్పాస్కీ, ఫిషర్‌ల ఆట. స్పాస్కీ 13వ ఎత్తులో ఎఫ్4 వేశాడు. ఫిషర్ గుర్రాన్ని ఏ5కి పంపి, తెలుపు ఎఫ్5 రాకముందే తన ఎఫ్ బంటునే ఎఫ్5కి తోసి దారి మూసేశాడు. ఆ తర్వాత గుర్రం సి4కి కూడా చేరింది. అంటే నలుపుకి ఏం కావాలో అదంతా జరిగింది. అయినా స్పాస్కీ జి4 వేసి ఆ అడ్డుని పగలగొట్టి, 39 ఎత్తుల్లో గెలిచాడు. ఇక్కడ గెలిపించింది సెంటర్ అనలేను. నలుపు ఎఫ్5 వేయడంతో రాజు చుట్టూ బలహీనపడ్డ గడులు, ముఖ్యంగా ఎఫ్6, స్పాస్కీ గుర్రానికి దొరికాయి. ఈ ఆటని ఏ గడిలో రాయాలో తెలియక విడిగా ఒక కాగితం మీద పెట్టాను.

ఈ5: అన్నిటికన్నా ప్రమాదకరమైన ఎత్తు

ఈ భాగం మీదే ఎక్కువ సమయం పెట్టాను, పెట్టినందుకు ఫలితం దక్కింది కూడా.

సెంటర్ బంట్లని తోయడంలో ఈ4 నుంచి ఈ5కి వెళ్లడం చూడటానికి దాడిలా ఉంటుంది. ఎఫ్6 గడి మీద పట్టు వస్తుంది, డి3 బిషప్‌కి నలుపు రాజు వైపు ఐమూల తెరుచుకుంటుంది. కానీ సి, ఈ బంట్లు రెండూ దాటిపోయాక డి5 గడిని బంటుతో కాపాడే దారి తెలుపుకి ఇక లేదు. నలుపు బిషప్పో గుర్రమో అక్కడ వచ్చి కూర్చుంటే తరిమేవాళ్లు ఉండరు. డి4 బంటు ముందుకు కదల్లేదు, నిత్యం కాపలా అడుగుతుంది. కట్టిన సెంటర్ అంతా ఒక్క ఎత్తుతో కాపాడాల్సిన బరువుగా మారుతుంది. ఇంజిన్‌తో ఆడి చూసినప్పుడు తొందరపడి ఈ5 వేసిన ప్రతి ఆటలోనూ కథ ఇలాగే నడిచింది.

మరి పెద్దవాళ్లు ఎలా వేస్తారు? దానికి జవాబు గ్రూన్‌ఫెల్డ్‌లో కాకుండా పక్కింటి ఓపెనింగ్‌లో దొరికింది. సెమీ-టరాష్‌లో కూడా ఇదే డి4-ఈ4 జంట వస్తుంది. తేడా ఏమిటంటే అక్కడ నల్లగడుల బిషప్‌లు తొందరగానే మారిపోతాయి, జి7 నుంచి డి4 మీద ఒత్తిడి ఉండదు.

1969లో మాస్కోలో సోవియట్ ఛాంపియన్‌షిప్. పోలుగయెవ్‌స్కీ తెలుపు, మాజీ ప్రపంచ ఛాంపియన్ తాల్ నలుపు. 14వ ఎత్తులో తాల్ గుర్రం ఏ5కి వెళ్లింది (మళ్లీ అదే గడి!), బిషప్ డి3కి తగ్గింది, తాల్ ఏనుగు సి8కి వచ్చింది. అప్పుడు పోలుగయెవ్‌స్కీ 16. డి5! అని బంటుని ఊరికే ఇచ్చేశాడు. 16... ఈ×డి5. ఇప్పుడు ఆ బంటుని తిరిగి కొట్టకుండా 17. ఈ5!

మొదట్లో నాకు ఇది దూకుడుగా మాత్రమే కనబడింది. బోర్డు తిప్పి నలుపు వైపు కూర్చుని చూశాక సంగతి బోధపడింది. డి5 గడి నలుపుకి కావాల్సింది పావు పెట్టుకోవడానికి. ఇప్పుడక్కడ నలుపు సొంత బంటే కూర్చుంది. బి7 బిషప్ ఐమూల మొత్తం ఆ బంటుతో మూసుకుపోయింది. మామూలుగా ఈ5 వేస్తే వచ్చే నష్టం ఏదుందో, దాన్ని ఒక బంటు ధర కట్టి ముందే రద్దు చేసుకున్నాడన్నమాట. ఏ5 గుర్రం అటువైపే ఉంది, సి4 మీదుగా బి2కి దూకి డి3 బిషప్‌ని బెదిరించడానికి రెండు ఎత్తులు ఖర్చుపెట్టింది. ఆ రెండు ఎత్తుల్లో తెలుపు మంత్రి ఎఫ్4కి చేరింది, బిషప్ నేరుగా హెచ్7ని కొట్టింది. 19. బిషప్×హెచ్7 చెక్, 20. గుర్రం జి5 చెక్, తర్వాత 21. హెచ్4. ఇంట్లో లోతుగా సిద్ధం చేసుకుని వచ్చిన దాడిగా ఈ ఆటకి పేరుంది. అలాంటి ప్రిపరేషన్‌ని బోర్డు మీద ఎదుర్కొన్నది తాల్ అంతటివాడు కాబట్టి 37వ ఎత్తు దాకా లాగాడు.

దీన్ని పరీక్షించడానికి ఒక ప్రయోగం చేశాను. 16వ ఎత్తు ముందున్న స్థితినే పెట్టి, ఏ5 గుర్రాన్ని మాత్రం తీసి సి6లో పెట్టాను. మిగతాదంతా అలాగే. ఇప్పుడు 16. డి5 ఈ×డి5 17. ఈ5 వేస్తే గుర్రం ఈ5 బంటు మీదే కన్నేసి ఉంటుంది. బి4కి దూకి డి3 బిషప్‌ని అడుగుతుంది. బిషప్ హెచ్7ని కొట్టినా, గుర్రం ఈ7కి వచ్చేస్తే రాజు పక్కన ఒక కాపలాదారు తయారు. స్టాక్‌ఫిష్ ఇంజిన్‌తో రెండు వైపులా ఆడించి చూశాను. నా చేతుల్లో దాడి ప్రతిసారీ నీరుగారింది. ఒక్క గుర్రం ఒక్క ఎత్తు దూరం జరిగితే ఇంత తేడా.

అదే ఏడాది, అదే నిర్మాణం, ఇంకో దారి: స్పాస్కీ, పెట్రోస్యాన్‌ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఐదో ఆట. స్పాస్కీ 15. డి5 వేశాడు కానీ త్యాగం కోసం కాదు. ఒకదాని తర్వాత ఒకటి మార్పిళ్లు జరిగి డి5లో తెలుపుకి అడ్డులేని బంటు మిగిలింది. పెట్రోస్యాన్ గుర్రం అప్పటికే 16వ ఎత్తులో ఏ5 చేరింది. 21. డి6, 22. డి7. అక్కణ్ణుంచి పెట్రోస్యాన్ పావులన్నీ ఆ బంటు చుట్టూనే తిరగాల్సి వచ్చింది, గుర్రం బి7 మీదుగా వెనక్కి వచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోయింది. 30 ఎత్తుల్లో ఆట అయిపోయింది.

తోయడం రెండు రకాలు అని కాగితం మీద విడగొట్టాను. రాజు మీదికి వెళ్లాలంటే డి5 ఇచ్చి ఈ5. ఎండ్‌గేమ్ (పావులు తగ్గిన చివరి దశ) వైపు వెళ్లాలంటే డి5 వేసి, మార్పిళ్లతో పాస్డ్ (అడ్డులేని) బంటు.

ఏనుగుని వదిలేసే లైన్

పిన్ తర్వాత 11... గుర్రం ఏ5 12. బిషప్ డి3 సి×డి4 13. సి×డి4 బిషప్ ఈ6 వస్తే తెలుపు 14. డి5 వేయొచ్చు. జి7 బిషప్‌కి ఏ1 దాకా దారి తెరుచుకుంటుంది, ఏనుగు పోతుంది. 14... బిషప్×ఏ1 15. మంత్రి×ఏ1 ఎఫ్6. 1950లో క్యాండిడేట్స్ (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే పోటీ) ప్లేఆఫ్ మొదటి ఆటలో బ్రాన్‌స్టైన్ దీన్ని బొలెస్లావ్‌స్కీ మీద ఆడి గెలిచాడు.

దీన్ని ఆడి చూస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. జి7 బిషప్ పోయాక నలుపు రాజు చుట్టూ నల్లగడులు బోసిపోతాయి. ఒక్క ఎఫ్6 బంటే ఆ ఐమూలకి అడ్డు. ఈ6లో దాడికి గురైన బిషప్‌ని తొందరపడి డి×ఈ6 అని కొట్టకూడదు. డి వరుస తెరుచుకుని నలుపు మంత్రి డి3 బిషప్‌ని తీసుకుపోతుంది. నా స్నేహితుడి మీద వేశాను. వాడు చాలాసేపు బోర్డు వంకే చూసి, "ఇదేంటి, ఏనుగు తీసుకోనా వద్దా?" అన్నాడు. తీసుకున్నాడు. ఆట డ్రా అయింది. ఈ లైన్ ఉంచుకుంటాను కానీ ఇదే నా ప్రధాన ఆయుధం అని మాత్రం అనుకోను. గుర్తుపెట్టుకోవాల్సింది మరీ ఎక్కువ.

సెవిల్ వేరియేషన్ని (12. బిషప్×ఎఫ్7 చెక్, 1987లో కాస్పరోవ్ మీద కార్పోవ్ తెచ్చింది) చూసి పక్కన పెట్టేశాను. ఒక బంటు లాభం వస్తుంది, దాంతోపాటు జి వరుసలో జంట బంట్లు, ఎఫ్1లో రాజు. సెంటర్ కదిపే కళ నేర్చుకుందామని కూర్చుంటే ఇది సెంటర్‌ని కట్టేసి ఆడే ఆట. నా పనికి సరిపోదు.

గుర్రం ఎఫ్3కి మారాను

ఇన్నాళ్ల పరిశీలన తర్వాత నా ప్రధాన లైన్ మారింది: 7. గుర్రం ఎఫ్3 సి5 8. ఏనుగు బి1.

ఈ ఏనుగు ఎత్తు 1980లలో బాగా ఊపందుకుంది. దానికి రెండు పనులు. ఒకటి, జి7 బిషప్ చూసే పొడవాటి ఐమూల నుంచి ముందే పక్కకి తప్పుకోవడం. డి5 తోసినా ఏనుగు పోదు. రెండు, బి7 మీద కన్నేయడం. సి8 బిషప్ జి4కి బయల్దేరే ముందు బి7 సంగతి ఆలోచించుకోవాలి. పాతకాలంలో గుర్రం ఎఫ్3 మీద ఉన్న అభ్యంతరం దీంతో చాలావరకు చల్లబడింది. పైగా బిషప్ ఈ2లో ఉంటుంది కాబట్టి ఏ5కి వచ్చే గుర్రానికి కొట్టడానికి ఏమీ ఉండదు, టెంపో దొరకదు.

8... క్యాజ్లింగ్ 9. బిషప్ ఈ2 గుర్రం సి6 వేస్తే 10. డి5 వెంటనే వస్తుంది. నలుపుకి అక్కడ రెండు దారులు. బిషప్×సి3 చెక్ అని బంటు తీసుకుంటే బిషప్ డి2తో మార్పిడి జరుగుతుంది, తెలుపు మంత్రి డి2లో నిలబడుతుంది, డి5 బంటు దాడికి గురైన నలుపు గుర్రం పోయి పోయి ఎక్కడ కూర్చుంటుందో చెప్పనక్కర్లేదు: ఏ5. తెలుపు ఒక బంటు వెనకబడి ఉంటుంది కానీ జి7 బిషప్ లేదు, గుర్రం అంచున ఉంది. 13. హెచ్4 వేసి రాజు మీదికి నడవొచ్చు. ఇదే మిగతా ఆటల్లో చూసిన పాఠం, ఇక్కడ ఓపెనింగ్‌లోనే తయారుగా దొరుకుతోంది.

రెండో దారి 10... గుర్రం ఈ5. 11. గుర్రం×ఈ5 బిషప్×ఈ5 12. మంత్రి డి2 ఈ6 13. ఎఫ్4 బిషప్ జి7 14. సి4. ఇప్పుడు సి4, డి5, ఈ4, ఎఫ్4 నాలుగు బంట్లు పక్కపక్కన నిలబడతాయి. నేను చూసిన గ్రూన్‌ఫెల్డ్ స్థితుల్లో తెలుపుకి ఇంతకంటే నిండైన సెంటర్ ఎక్కడా రాలేదు. 14... ఏనుగు ఈ8 15. ఈ5 ఎఫ్6 16. డి6 దాకా తెలిసిన దారే. ఇక్కడ ఈ5 వేసినా భయం లేదు, సి4, డి5 బంట్లు ఇంకా బోర్డు మీదే ఉన్నాయి కదా.

అసలు పరీక్ష 9... సి×డి4 10. సి×డి4 మంత్రి ఏ5 చెక్ 11. బిషప్ డి2 మంత్రి×ఏ2. ఈసారి ఏ5కి వచ్చింది మంత్రి. ఒక బంటు తినేసి ఏ2లో కూర్చుంటుంది. 12. క్యాజ్లింగ్. నలుపు దగ్గర ఏ, బి వరుసల్లో అడ్డులేని రెండు బంట్లు. ఇంజిన్ సున్నా (ఇద్దరూ సమానం) దగ్గరే తచ్చాడుతుంది. నాకు మాత్రం తెలుపు వైపు ఆడటం సులభంగా ఉంది. ఎండ్‌గేమ్ రాకుండా చూసుకుంటే నలుపు మంత్రి ఇంటికి వెళ్లే దారి వెతుక్కుంటూ ఉంటుంది. ఎండ్‌గేమ్ వచ్చిందా, ఏ బంటు పరుగు మొదలవుతుంది, టెన్షన్ నాదవుతుంది.

మంత్రులు పోతే

7. గుర్రం ఎఫ్3 సి5 తర్వాత ఇంకో దారి: 8. బిషప్ ఈ3 మంత్రి ఏ5 9. మంత్రి డి2 గుర్రం సి6 10. ఏనుగు సి1 సి×డి4 11. సి×డి4 మంత్రి×డి2 చెక్ 12. రాజు×డి2. మంత్రులు లేకపోతే సెంటర్ వట్టిదే అనుకునేవాణ్ణి. ఇక్కడ తెలుపు రాజు క్యాజ్లింగ్ చేయకుండా మధ్యలోనే ఉంది, ఎండ్‌గేమ్‌కి అది సరైన చోటు. డి5 వేసి గుర్రాన్ని తరిమితే పాస్డ్ బంటు ఆశ ఉంటుంది. నలుపుకి ఏ, బి వరుసల్లో తెలుపు ఒక్క బంటుకి రెండు బంట్ల ఆధిక్యం. ఇది నిదానంగా ఆడుకునే రోజుల కోసం పక్కన పెట్టాను.

ఇప్పటి పరిస్థితి

ఫైల్లో మూడు విభాగాలున్నాయి: ఏనుగు బి1 ప్రధానంగా, బిషప్ సి4 అప్పుడప్పుడు, ఎండ్‌గేమ్ లైన్ ఒకటి. ప్రతి స్థితి కిందా ఏ5, సి6, ఇంకెక్కడో అని గుర్రం చిరునామా రాసి ఉంది. ఆన్‌లైన్ ర్యాపిడ్ ఆటల్లో ఇప్పుడు డి5 వేయాలా వద్దా అని తేల్చుకోవడానికి ముందున్నంత సమయం పట్టడం లేదు.

స్నేహితుడు మాత్రం నా కాగితం చూశాడో ఏమో, గుర్రాన్ని కదపడమే మానేశాడు. ఏనుగు బి1కి ఎదురుగా 9... బి6 వేసి, బిషప్‌ని బి7లో పెట్టి ఈ4 మీద ఒత్తిడి తెస్తున్నాడు, గుర్రం బి8లోనే ఉంటోంది. 10. క్యాజ్లింగ్ బిషప్ బి7 11. మంత్రి డి3 అన్నది అందరూ ఆడే జవాబు. ఈ4 కాపలాకి మంత్రిని కట్టేయడం నాకు నచ్చలేదు కానీ, ఇప్పటికి అంతకంటే మంచిది దొరకలేదు. వచ్చే వారం పని అదే. గుర్రం ఎటూ తేల్చని ఆటల్లో డి5 ఎప్పుడు వేస్తున్నారో వెతికి, కాగితం మీద కొత్త గడి గీయాలి.